నేల వద్దన్న మేస్త్రీ

మేస్త్రీ పోయాడని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను పటమటలో ఒకరింటి గృహప్రవేశానికి వెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని ఉన్నాను. "మధ్యాహ్నం అన్నం తిని నేల మీద పడుకున్నారండి, మళ్ళీ లేవలేదు" అంది. కాసేపాగి, "మీరెవరో నాకు తెలీదండి. నాన్న ఫోన్లో మీ నంబరు 'మోకాలు టీచరు' అని ఉంది. అన్ని నంబర్లకీ చేస్తున్నా" అంది. నవ్వు ముందొచ్చింది, ఏడుపు తర్వాతొచ్చింది. విస్తరి మడిచి లేచాను. చెయ్యి కడుక్కుని వస్తుంటే, ఆ కొత్తింటి హాల్లో అద్దంలా మెరిసే తెల్లటి టైల్స్ మీద నలుగురు పట్టుచీరల ఆడవాళ్ళు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, ఎక్కడ జారతామోనని అంగుళం అంగుళం జరుగుతున్నారు. ఇంటాయన మాత్రం, "చూశారా, ఎంత క్లాసుగా ఉందో" అని వచ్చినవాళ్ళందరికీ నేల చూపిస్తున్నాడు. మేస్త్రీ ఉండి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. ఆ మాట నేనే అనేస్తానేమోనని భయం వేసి, తాంబూలం కూడా తీసుకోకుండా వచ్చేశాను.

ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు, పాదాలు గుర్తుండేవి. ఒకసారి బీసెంట్ రోడ్డులో అంత జనంలో తల దించుకుని వస్తున్నవాడు నా కాళ్ళు చూసి టక్కున ఆగి, "మోకాలెట్టా ఉందండీ టీచరుగారూ" అన్నాడు. ఆ తర్వాతే తలెత్తాడు. తలెత్తి చూశాక, నేనో కాదో అని కాస్త అనుమానపడ్డాడు కూడా. "మడమ మీదేనండి, అందులో తేడా లేదు" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

బండలు, గచ్చులు, టైల్స్ వేసే పని. నలభై ఏళ్ళు అదే పని. అయితే ఆయన వేసిన నేలలకన్నా వద్దన్న నేలలే ఎక్కువ. ఒక డాక్టరుగారు ఇల్లంతా పాలరాయి పరిపించాలని పిలిపిస్తే, ఉన్న నాపరాళ్ళ మీద అరగంట వెల్లకిలా పడుకుని లేచి, "ఇంత మంచి నేలని తవ్వితే పాపమండి" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడట. ఆ డాక్టరు కొన్నాళ్ళు ఆయన్ని తిట్టి, కొన్నాళ్ళు మౌనంగా ఉండి, చివరికి ఆ నాపరాళ్ళ మీదే పడుకోవడం మొదలుపెట్టాడని చెప్పుకునేవారు. ఆదివారం పనికి వచ్చేవాడు కాదు, చర్చికి వెళ్ళేవాడు. అక్కడా ఊరుకోలేదు. ఒక రోజు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, పాస్టరుగారు మోకరించినచోట టైలు బోలుగా పలికిందని మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి వేలితో కొట్టి చూశాడట. పాస్టరుగారు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఈయన, చెవి నేలకు ఆనించి. "దేవుడు మీ మాట వింటాడండి, నేను టైలు మాట విన్నా" అన్నాడని నాతో ఆయనే చెప్పాడు, అందులో నవ్వాల్సిందేమీ లేనట్టు.

మరి ఇన్ని పనులు వద్దంటే ఇల్లెలా గడిచేదంటే, వాళ్ళావిడ అప్పడాలు చేసేది. హనుమాన్ జంక్షన్ అవతల వాళ్ళ పల్లెలో ఆవిడ చేతి మినప అప్పడాలకు పేరుంది. ఆయన సంచిలో తాపీ, రసమట్టం, వాటితోపాటు అప్పడాల డబ్బా ఎప్పుడూ ఉండేవి. "నేల కోసం పిలిస్తే అప్పడాలు అమ్మి పోయాడు" అని ఆయనంటే గిట్టనివాళ్ళు అనేవారు. ఆ అప్పడాలు ఎందుకో నాకూ మొదట తెలియదు. తెలిశాక చాలా కోపం వచ్చింది. నా కోపం సంగతి నా శిష్యురాళ్ళను అడగండి, చెబుతారు.

నేను కూచిపూడి నేర్పుతాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేర్పుతున్నాను, అయితే ఒక్కరోజు కూడా మా ఇంట్లో కాదు. మావారు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో టర్బైన్ల పక్కన ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఆ మోత చెవుల్లో పెట్టుకుని ఇంటికి వచ్చేవారు. "పగలంతా అది, సాయంత్రం ఇది నావల్ల కాదు. నువ్వు ఎక్కడైనా నేర్పుకో, ఇంట్లో మాత్రం చప్పుడు వద్దు" అన్నారు. మంచివాడు, అడిగింది ఒక్కటే కదా అనుకున్నాను. కల్యాణ మండపం వెనక వంటశాలలో నేర్పాను, మూసేసిన ప్రింటింగ్ ప్రెస్సులో నేర్పాను, చివరి పదకొండేళ్ళు ఒక లారీ స్పేర్ పార్టుల దుకాణం పైన గదిలో నేర్పాను. ఆయన రిటైరయ్యారు, ఆ మోత పోయింది, ఈ నియమం మాత్రం పోలేదు.

ఆ దుకాణం పైగది ఓనరు దాన్ని జిమ్‌కు ఇచ్చేశాడు. దసరాలోపు ఖాళీ చెయ్యమన్నాడు. పంతొమ్మిదిమంది పిల్లలు. విజయదశమి నాడు కొత్తవాళ్ళు చేరతారు, ఆ రోజుకి గది లేకపోతే పాతవాళ్ళూ ఎవరిదారి వాళ్ళు చూసుకుంటారు. నా మోకాలు అరిగి తొమ్మిదేళ్ళయింది, అప్పటినుంచీ కుర్చీలో కూర్చుని కర్రతో తాళం వేస్తూ నేర్పుతున్నాను. మళ్ళీ ఊరంతా గది కోసం మెట్లెక్కి దిగే ఓపిక లేదు. ఆ మాటే మావారితో అన్నాను. ఆయన పేపరు దించకుండా, "కింద సెల్లార్ ఉందిగా. అక్కడ నేలేదో బాగుచేయించుకుని పెట్టుకో. కుదరకపోతే ఇంక చాలించు, మోకాలికీ మంచిది. పైకి మాత్రం తేవద్దు" అన్నారు. అంటే సెల్లార్‌లో నేల కుదిరితే నా క్లాసు ఉంటుంది, లేకపోతే లేదు.

మాది గుణదలలో పాత ఇల్లు. ముందుభాగం కింద కారు పెట్టుకోవడానికి తవ్వించిన సెల్లార్. కారు ఎన్నడూ కొనలేదు. బుడమేరు వాగు పొంగినప్పుడు అందులో నడుముల్లోతు నీళ్ళు నిలిచాయి, గోడల మీద ఆ గీత ఇంకా ఉంది. అడుగున ఉత్త సిమెంటు గచ్చు, అదీ పెచ్చులు లేచింది. దాన్ని నాట్యశాల చెయ్యాలి. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని బయల్దేరాను.

ఊళ్ళో నేలలు అమ్మేవాళ్ళందర్నీ చూశాను. టైల్స్ షోరూములో కుర్రాడు ఒక్కో పలక చూపించి, "మేడం, దీని మీద కాలు పెడితే ముఖం కనపడుతుంది" అన్నాడు. నా పిల్లల ముఖాలు పైకి చూడాలయ్యా అన్నాను. చెప్పులు విడిచి అక్కడే ఒక అడుగు వేశాను, జర్రున జారి వాష్‌బేసిన్ల వరసలోకి పోయాను. చెక్కలా కనపడే పలకలు అమ్మేవాడు, "జీవితాంతం ఉంటుందండి, తడి మాత్రం తగలకూడదు" అన్నాడు. సెల్లార్ అన్నాను. "అయితే జీవితాంతం అనే మాట తీసేయండి" అన్నాడు. అంటించే వినైల్ షీటు అతను తడికి భయం లేదన్నాడు, కింద చెమ్మ ఉంటే జిగురు ఊడుతుందని మాత్రం చీటీ వెనక రాసి ఉంది. రబ్బరు చాపల మీద పిల్లల పాదాలు అతుక్కుపోయాయి, పైగా కొత్త టైరు వాసన. మా మరిది ఫోన్ చేసి, వాళ్ళ వంటింట్లో మిగిలిన నల్ల గ్రానైట్ ముక్కలు ఆరు ఉన్నాయి, తీసుకెళ్ళమన్నాడు. నెల తిరిగేసరికి నాకు అరికాలికి తగిలిన ప్రతిదీ శత్రువులా కనపడసాగింది. గన్నవరం నుంచి వచ్చే ఒక పిల్ల తల్లి నా అవస్థ చూసి, "మా ఇంటికి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడండి. పనవుతుందని చెప్పలేను. నిజం మాత్రం తెలుస్తుంది" అని నంబరు ఇచ్చింది.

భాద్రపద మాసం చివర్లో ముసురు పట్టిన రోజున వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. పొట్టి మనిషి, పాదాలు మాత్రం చాటలంత. ఇంట్లోకి రాకుండా సరాసరి సెల్లార్ మెట్లు దిగి, నడిమధ్యన నిలబడి, కళ్ళు మూసుకున్నాడు. అయిదు నిమిషాలు అలాగే ఉన్నాడు. కాఫీ తీసుకుని వెళ్ళిన నేను ఏం చెయ్యాలో తెలియక నేనూ నిలబడ్డాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, పొంగిన తెల్లటి ఉప్పును వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు. చప్పరించాడు.

"ఇది కాలవ నీళ్ళ ఉప్పు కాదండి, భూమిలోదే. మీ ఇల్లు కిందనుంచి తాగుతంది" అన్నాడు.

"అయితే ఏ నేల వెయ్యాలి?"

"అట్టా అడగ్గానే చెప్పేది కాదండి. ముందు ఈ నేల మీద ఏం పడుద్దో నాకు తెలవాలి. మీరొకసారి ఆడండి, నేను వింటా."

నేను ఆడి తొమ్మిదేళ్ళయిందని చెప్పాను. మోకాలు చూపించాను. ఆయన మోకాలిని మర్యాదగా చూసి, "నాలుగడుగులు చాలండి" అని ఒక మూల బోర్లా పడుకుని చెంప సిమెంటుకు ఆనించాడు. మొహమాటంతోనో కోపంతోనో తెలియదు, నేను చీర ఎత్తిపట్టి నాలుగడుగులు వేశాను. అప్పుడే మావారు మెట్ల మీదికి వచ్చారు. భార్య ఎవరూ లేని సెల్లార్‌లో దబదబా కాళ్ళు కొడుతోంది, ఎవరో పరాయి మగమనిషి మూలన బోర్లా పడి ఉన్నాడు.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నారు.

మేస్త్రీ పడుకునే ఒక వేలు పైకెత్తి, "కాసేపు మాట్లాడమాకండి సార్" అన్నాడు. మావారు నిజంగానే మాట్లాడలేదు. మా ఇంట్లో చప్పుడు చెయ్యవద్దని ఆయనకు ఒకరు చెప్పడం అదే మొదలు.

మేస్త్రీ లేచి చెంపకు అంటిన సిమెంటు తుడుచుకున్నాడు. "ఈ నేలకి సహనం లేదండి. మీరేసిన దెబ్బ దాచుకోదు, మీ మోకాలికే తిప్పి పంపుద్ది. ఇంక చెమ్మ సంగతి చూడాలి. ఇంట్లో స్టీలు గిన్నెలున్నయ్యా? ఆరు కావాలి" అన్నాడు.

మా ఇంట్లో గిన్నెలకేం కొదవ. పెళ్ళికీ గృహప్రవేశానికీ చదివించినవాళ్ళ పేర్లు చెక్కించిన గిన్నెలు అటక నిండా ఉన్నాయి. ఆరు దించి ఇచ్చాను. ఆయన సంచిలోంచి నమూనా ముక్కలు తీసి సెల్లార్‌లో అయిదు చోట్ల అయిదు రకాలు పెట్టాడు. ఒకచోట తాండూరు బండ, ఒకచోట టైలు, ఒకచోట చెక్క పలక, ఒకచోట వినైల్ ముక్క, అయిదోది ఉత్త గచ్చు. ఒక్కోదాని మీద డబ్బాలోంచి తీసి ఒక్కో అప్పడం పెట్టి పైన గిన్నె బోర్లించాడు. పక్కన సుద్దముక్కతో అంకె వేశాడు. ఆరో గిన్నె ఏం చేశాడో నేను పట్టించుకోలేదు.

"మూడు రోజులండి. అప్పడం గట్టిగుంటే ఆ నేల పనికొచ్చుద్ది. మెత్తబడితే లేదు."

ఇదా ఈయన విద్య అని నాకు ఒళ్ళు మండింది. మావారు ఫోన్లో చూసి, "ప్లాస్టిక్ కాగితం అంటించి చూస్తారటగా, తడి పడితే తెలుస్తుందట" అన్నారు.

"కాగితం చెమట చూపిద్ది సార్. అప్పడం బాధ చూపిద్ది" అని సంచి సర్దుకుని జంక్షన్ బస్సుకు వెళ్ళిపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం ముద్దపప్పు చేశాను. ఇంట్లో అప్పడాలు అయిపోయాయని చెప్పి గుడికి వెళ్ళాను. వచ్చేసరికి వంటింట్లో మూకుడు, నూనె, కంచం ముందు మావారు. గిన్నెల కింద ఉన్నవి తీసి వేయించుకుని తినేశారు. మా పక్కవాళ్ళు ఇప్పటికీ అంటారు, మా ఇంట్లో ఎన్నడూ వినపడని గొంతు ఆ రోజు వినపడిందని. నా గొంతే. నా స్కూలు భవిష్యత్తు పప్పులో నంజుకున్నారని అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. "అప్పడం లేకుండా ముద్దపప్పు ఎలా తింటారు?" అని ఆయన నిజంగానే అర్థంకాక అడిగారు. కృష్ణా జిల్లాలో పుట్టినవాణ్ణి ఈ ఒక్క విషయంలో నేను తప్పుపట్టలేను. మళ్ళీ మొదలుపెడదామంటే దసరా ఎంతో దూరం లేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి బోర్లించిన గిన్నెలు ఎత్తి చూశాడు. ఖాళీ. నేను జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. మావారి ఎదురుగా నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏ నంబరుది ఎట్టా ఉంది సార్?"

"అన్నీ సాగాయి. టైలు మీదది మరీ. చెక్క మీదది పర్లేదు గానీ మధ్యలో మెత్తన" అన్నారు మావారు, సిగ్గుపడకుండా.

మేస్త్రీ చాలాసేపు మావారి పాదాలవైపు చూశాడు. "సార్, ఇన్నేళ్ళలో నాకింత సున్నితమైన నాలిక దొరకలా. నా చేత్తో ఇరిచి చూస్తే పైపైనే తెలుస్తది. తినేవోళ్ళకి లోపలిది తెలుస్తది. ఈసారి మీరే తీర్పు చెప్పాలి" అన్నాడు.

అంతే. మావారు మారిపోయారు. స్కేలుతో గీతలు గీసి చార్టు తయారుచేశారు. కరకర, మెత్తదనం, సాగుడు అని మూడు గళ్ళు. రిటైరయ్యాక ఆయనకు ఒకరు అప్పగించిన మొదటి పని అది. గిన్నె కదిపితే అప్పడం పాడవుతుందని నన్ను మూడు రోజులు సెల్లార్‌లోకి అడుగుపెట్టనివ్వలేదు. ఆ రోజు మేస్త్రీ గిన్నెల కింద కొత్త అప్పడాలు పెట్టి, వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి అడిగాడు.

"సార్, తీర్పు మీదే. ఏ చోటు అప్పడం బాగుంటే ఆ చోటే టీచరుగారి క్లాసు. మాట తప్పకూడదు."

"తప్పను. ఏదీ బాగోకపోతే క్లాసు మూసెయ్యాలి, అదీ మాటే" అన్నారు మావారు నావైపు చూస్తూ.

"అదీ మాటేనండి" అన్నాడు మేస్త్రీ. ఈయన నా తరఫా, ఆయన తరఫా అనుకున్నాను. ఆ మూడు రోజులూ ఎడతెగని వాన. పిల్లలకు సెలవిచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, ఇంక అయిపోయిందనే అనుకున్నాను. గజ్జెలు ఎవరికి ఇవ్వాలో కూడా మనసులో పేర్లు రాసుకున్నాను.

నాలుగో రోజు భోజనాల వేళకు మేస్త్రీ వచ్చాడు. తనే గిన్నెలన్నీ ఎత్తి, అప్పడాలు ఆకుల్లో విడివిడిగా పెట్టుకుని, వంటింట్లోకి వచ్చి నాచేత ఒకే సెగ మీద వేయించాడు. ఆరు పళ్ళేలు, వాటికింద అంకెలు. మావారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ప్రతి ముక్కకూ మధ్యలో ఒక గుక్క మంచినీళ్ళు తాగారు. మొదటిది నమిలి, "సాగుతోంది" అన్నారు. రెండోది, "ఇది అప్పడం కాదు, అట్టముక్క." మూడోది కాసేపు ఆలోచించి, "ఎండలో పెడితే బాగుపడేది." నాలుగోదానికి మాట్లాడకుండా చెయ్యి ఊపారు. అయిదోది నోట్లోంచి తీసేశారు. నేను స్టవ్ పక్క గోడకు ఆనుకున్నాను. అయిదూ పోయాయి.

ఆరోది కొరగ్గానే ఇల్లంతా వినపడింది. మావారు కళ్ళు మూసుకునే పూర్తిగా నమిలారు, మిగిలిన సగం కూడా తిన్నారు.

"ఇది అప్పడం" అన్నారు. "దీనికి నూటికి నూరు. ఇది ఏ నేల?"

"చూపిస్తా రండి సార్" అని మేస్త్రీ చెయ్యి తుడుచుకుని లేచాడు. సెల్లార్ వైపు కాదు, మా హాల్లోకి నడిచాడు. మావారు రోజంతా కూర్చునే సోఫాను పక్కకు జరిపాడు. వెనకాల, పాత మొజాయిక్ నేల మీద, మా పెద్దత్తగారు చదివించిన ఆరో గిన్నె.

"కట్టినప్పటిదండి ఈ మొజాయిక్కు. నడిచి నడిచి అరిగింది. కాలు జారదు, కాలు పట్టదు. చెమ్మ రాదు. కింద సెల్లార్ డొల్లగా ఉంది గాబట్టి కాస్త దెబ్బ కాచుకుంటది. టీచరుగారి మోకాలికి ఈ ఊళ్ళో ఇంతకన్నా మంచి నేల నేనైతే వెయ్యలేను. కింద గదికి మాత్రం ఏదేసినా దండగేనండి. దానికి నేల వద్దు."

మావారు సోఫా వెనక గిన్నెవైపు చూస్తూ నిలబడ్డారు. తనకు అంత అన్యాయం జరిగినట్టు ఆయన ముఖం పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

"మరి నేను?" అన్నారు.

"మీరు కిందకి దిగండి సార్. కూర్చునేవోళ్ళకి ఏ నేలైనా ఒకటే."

రెండు రోజులు మావారు నాతో మాట్లాడలేదు. అప్పడం వేయించి పెడితే ముట్టుకోలేదు. నేనూ బతిమాలలేదు. ఇన్నేళ్ళు వంటశాలల్లో, ప్రెస్సుల్లో కాళ్ళు కొట్టుకున్నాను, రెండు రోజులు మౌనం భరించలేనా. మూడో రోజు పొద్దున్నే ఏదో ఈడుస్తున్న శబ్దమైతే వచ్చి చూశాను. తన పేము కుర్చీని ఒక్కో మెట్టూ దించుతున్నారు. సాయం పట్టబోతే, "మాట ఇచ్చాను కదా" అన్నారు. ఆ తర్వాత టీవీ దిగింది, రేడియో దిగింది, పేపర్ల కట్ట దిగింది. సోఫా మెట్ల దగ్గర ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది.

విజయదశమి నాడు మా హాల్లో ఇరవై మూడుమంది పిల్లలు నిలబడ్డారు. మేస్త్రీని పిలిచాను. ఒక్క టైలు కూడా వెయ్యని పనికి కూలి తీసుకోనన్నాడు, భోజనానికి మాత్రం వస్తానన్నాడు. తెల్లచొక్కా తొడుక్కుని, వాళ్ళావిడ పంపిన అప్పడాల కట్ట పట్టుకుని వచ్చి, పిల్లల పాదాలు వరసగా చూసి తృప్తిగా తలాడించి, ఎటో మాయమయ్యాడు. నేను పూజ చేసి కుర్చీలో కూర్చుని కర్ర తీసుకున్నాను. పిల్లలు తకధిమి అని మొదటి అడుగు వేశారు. ఆ నేల ఎలా పలికిందో నేను చెప్పలేను. నా ఇంట్లో, నా నేల మీద, నా పిల్లలు. కర్ర పక్కన పెట్టేశాను. లేచి చివరి వరసలో, అందరికన్నా చిన్నపిల్ల పక్కన నిలబడి నేనూ వేశాను. మోకాలు పట్టుకుంది. పట్టుకుంటే పట్టుకోనీ అని వేస్తూనే ఉన్నాను.

క్లాసు అయ్యాక మావారికి ప్రసాదం తీసుకుని సెల్లార్‌లోకి దిగాను. టీవీ ఆపేసి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఉత్త సిమెంటు గచ్చు మీద పేపర్లు పరుచుకుని మావారు, మేస్త్రీ పక్కపక్కన వెల్లకిలా పడుకుని కప్పువైపు చూస్తున్నారు.

"ఇరవై నాలుగు జతల కాళ్ళు" అన్నారు మావారు, నావైపు తిరగకుండా. "ఇరవై మూడూ సరిగ్గా పడ్డాయి. చివరి వరసలో ఒక కాలు మాత్రం ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోంది. ఎవరా పిల్ల?"

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు తెలుసు. ఆ పాదం ఆయన ఎక్కడ విన్నా గుర్తుపడతాడు. అయినా చెప్పలేదు, నాకే వదిలేశాడు.

"నేనే" అన్నాను.

మావారు పడుకునే పక్కన ఇంకో పేపరు పరిచారు. తర్వాత కప్పువైపే చూస్తూ, "అయితే దాన్ని దిద్దుకోకు" అన్నారు. "రేపూ అలాగే వెయ్యి. కిందనుంచి నాకు నువ్వెక్కడున్నావో తెలుస్తుంది."